ఔషధబలము - క్రీడాధర్మము

(సంఘ వార్షికోత్సవ సందర్భమున భిలాయిలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ఈ సభలో మాటలాడవలసినదిగా కోరినప్పుడు, నేను ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో నాలుగు మాటలు చెప్పి కూర్చుందునని తలచియుందురు. ఆర్ట్సు పట్టభద్రుడను, సచివాలయములో ఫైళ్ల నడుమ కాలము గడుపువాడను. అంతకు మించి ఏమి చెప్పగలడని వారి యూహ కావచ్చును. ఆ యూహ చాలవరకు సరియైనదే. అయినను నేడు నేను ఎన్నుకొన్న విషయము క్రీడలలో బలమును పెంచుటకై మందులు వాడుట, అందలి ధర్మాధర్మ విచారణ. నేను వైద్యుడను కాను. మల్లుడను అంతకంటెను కాను. నా ఆకారమును చూచుచున్న మీకు ఆ రెండవ సంగతి వేరుగా విన్నవింప నక్కరలేదు. అయినను ఈ విషయము మన ఇండ్లకు, మన ఉద్యోగములకు, మన పిల్లలకు ఎంత సమీపమున నున్నదో చెప్పినచో, నా సాహసమును మీరు మన్నింతురని నమ్ముచున్నాను.

ఈ నగరము పుట్టుకయే శ్రమలో జరిగినది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నిర్మాణ దినములు మొదలు విజయనగరము, పార్వతీపురము, రాయగడల మీదుగా వచ్చు రైలెక్కి ఉత్తరాంధ్రము నుండి ఎన్నియో కుటుంబములు ఇచ్చటికి వచ్చి స్థిరపడినవి. ఈ సభలో కూర్చున్నవారిలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల యాస నా చెవికి ఇప్పటికే పలుమారులు సోకినది.

ఆ సీమకు బరువులెత్తు విద్య క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించి విజయనగరమున పెరిగిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన కథ, ఇనుప గొలుసులు తెంచిన కథ మన తాతలు చెప్పగా మనము విన్నవే. ఆయన శాకాహారి యనుట ఇచ్చట స్మరింపదగిన విషయము. విజయనగరపు తాలింఖానాలలో మట్టి నలుగుచుండగా పెరిగిన ఆ సంప్రదాయమే తరువాత ఇనుప చక్రముల బార్‌బెల్లు వద్దకు వచ్చినది. ఆముదాలవలస చెంతనున్న ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ నగరములో 69 కిలోల తరగతిలో ఒకసారి 110, మరొకసారి 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకమును గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ యైనది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము అప్పటికింకను ఏర్పడలేదు. ఆరు వారములకు పిమ్మట, నవంబరు 1న ఏర్పడినది. స్త్రీలకు బరువులెత్తు పోటీ ఒలింపిక్సులో ప్రవేశపెట్టినది ఆ సిడ్నీలోనే. విచారకరమైన విషయమేమనగా, ఆ పోటీలలో మొట్టమొదటి స్వర్ణమును గెలిచిన బల్గేరియా యువతి కొన్ని దినములకే దానిని తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినది. ఆమె మూత్ర నమూనాలో నిషిద్ధమైన మందు కనబడినది. స్త్రీల బరువులెత్తు చరిత్రలో ప్రథమ పుట వ్రాయుటయు, దానిని కొట్టివేయుటయు ఒకే వారములో జరిగినవి.

నేను ముఖ్యముగా చెప్పదలచిన ఉదంతము దీని తరువాతిది. విజయనగరము జిల్లాలో నెల్లిమర్ల సమీపమున కొండవెలగాడ యను గ్రామము కలదు. ఆ యూరు బరువులెత్తువారికి పెట్టినది పేరు. ఆ గ్రామపు యువతి మత్స సంతోషి 2014 జూలైలో స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున జరిగిన కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో పాల్గొన్నది. నైజీరియా బాలిక యొకతె మొత్తము 196 కిలోలెత్తి ప్రథమ స్థానమున నిలిచినది. పాపువా న్యూగినీ దేశపు డికా టూవా 193 కిలోలతో ద్వితీయ. మన సంతోషి 188 కిలోలతో తృతీయ. మన దేశమునకే చెందిన స్వాతీ సింగ్ 183 కిలోలతో నాలుగవ స్థానమున నిలిచి రిక్తహస్తములతో వెనుదిరిగినది. పతకములు ఇచ్చు వేదికపై ఆనాడు ఎక్కవలసిన మెట్లు ఎక్కిరి, పాడవలసిన జాతీయ గీతము పాడిరి, ఛాయాచిత్రములు తీసిరి.

కొన్ని దినములు గడచినవి. విజేతయైన బాలిక నమూనాలో రెండు మందులు కనబడినవని ప్రకటించిరి. ఒకటి ఎమిలోరైడు, రెండవది హైడ్రోక్లోరోథయజైడు. ఈ పేర్లు విని భయపడవలదు. ఈ రెండవ మందును రక్తపోటు గలవారికి వైద్యులు సర్వసాధారణముగా వ్రాసి ఇత్తురు. ఈ సభలోని పెద్దలలో కొందరు నేటి యుదయము దానిని వేసికొని వచ్చియుందురు. మూత్రమును అధికము చేసి దేహమునుండి నీటిని వెడలించుట దాని పని. మనకు అది ప్రాణరక్షణ. బరువు తరగతులలో పోటీపడువారికి అది వేరొక విధముగా ఉపయోగపడును. తూకము సమయమునకు బరువు తగ్గించి క్రింది తరగతిలో ప్రవేశింపవచ్చును. అంతకంటె మిన్నగా, దేహములోని ఇతర మందుల జాడను నీటిలో కలిపి పలుచన చేసి పరీక్షకులకు దొరకకుండ చేయవచ్చును. అందుచేతనే ఆ మందు తనంతట తాను బలమీయకున్నను నిషిద్ధముల పట్టికలో నున్నది. ఆ బాలిక పతకమును తొలగించిరి. స్వర్ణము టూవాకు, రజతము మన సంతోషికి, కాంస్యము స్వాతీ సింగునకు చెందినవి.

కథ సుఖాంతమైనది గదా యని మీరనవచ్చును. నేనట్లు తలపను. స్వాతీ సింగ్ ఆనాటి వేదికపై లేదు. జనసమూహము చప్పట్లు కొట్టిన ఆ క్షణము ఆమెకు ఏ ఉత్తరువు చేతను తిరిగి రాదు. సంతోషి మూడవ మెట్టుపై నిలిచిన ఛాయాచిత్రము రెండవ మెట్టుది కాజాలదు. ఇది పట్టుబడిన సందర్భము. పట్టుబడని సందర్భములలో నాలుగవ స్థానమున నిలిచినది ఎవరో, అయిదవ స్థానమున నిలిచినది ఎవరో, తమవద్దనుండి ఏమి అపహరింపబడినదో వారికే తెలియదు. ఇంటిలో దొంగతనము జరిగినచో తాళము పగిలియుండును, పెట్టె తెరచియుండును. ఇచ్చట దోపిడికి గురియైనవాడు తాను ఓడితినని మాత్రమే తలచును. తన సాధనలో లోపమున్నదని తననే నిందించుకొనును. ఈ అపరాధములో నాకు అన్నిటికంటె దుస్సహముగా తోచునది ఇదియే.

ఇంకొక మాట. ఆ నైజీరియా బాలిక పేరు ప్రపంచ పత్రికలన్నిటిలో వచ్చినది. నేనిచ్చట చెప్పుట లేదు. అప్పటికి ఆమె వయస్సు పదునారు సంవత్సరములు. మన ఇండ్లలో పదునారేండ్ల పిల్లకు తలనొప్పి వచ్చినచో ఏ మాత్ర ఎంత వేయవలెనో తల్లిని అడుగును. ఆ వయస్సులో, మూత్రమును పెంచు మందు బరువులెత్తు పోటీలో ఏ విధముగా ఉపయోగపడునో ఆ పిల్ల తనంతట తాను గ్రహించెనని నేను నమ్మజాలను. ఆమె చేతికి ఆ మాత్రలను అందించిన చేయి ఒకటి ఉండియుండవలెను. పతకము పోయినది ఆ పిల్లకు. నింద వచ్చినది ఆ పిల్లకు.

ఇక మన దేశమునకు, మన కార్యాలయములకు వత్తును. మందు వేసికొనువారందరు కీర్తి కొరకు, కోట్ల ధనము కొరకు వేసికొందురని పత్రికలు చదివినవారికి తోచును. అమెరికాలో అది నిజము కావచ్చును. 1988లో సియోల్ ఒలింపిక్సులో వంద మీటర్లను 9.79 సెకనులలో పరుగిడి, స్టానొజొలాల్ అను స్టెరాయిడుతో పట్టుబడిన కెనడా దేశపు బెన్ జాన్సనుకు అది నిజము. మన దేశములో, నా యభిప్రాయములో, మూలకారణము వేరు. మనమందరము 'స్పోర్ట్స్ కోటా' అని పిలుచు నియామకములు కలవు. దేశము తరఫునగాని, రాష్ట్రము తరఫునగాని, విశ్వవిద్యాలయముల పోటీలలో తన విశ్వవిద్యాలయము తరఫునగాని, పాఠశాలల జాతీయ క్రీడలలోగాని ఆడినవారికి కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో అవకాశము కలదు, రైల్వేలలో కలదు, పోలీసు దళములలో కలదు, ప్రభుత్వ రంగ సంస్థలలోను కలదు. ఇది మంచి పద్ధతి. బీదయింటి బిడ్డ తన కండబలముతో ఒక గౌరవప్రదమైన జీవనము సంపాదించుకొనుటకు ఇంతకంటె దగ్గరి మార్గము మన దేశములో లేదు. మల్లుని పోషించుటకు ఇప్పుడు మహారాజులు లేరు, రైల్వేశాఖ కలదు.

కాని ఇదే మార్గములో ఒక ప్రలోభము పొంచియున్నది. జిల్లా పోటీలో రెండవ స్థానమునకును నాలుగవ స్థానమునకును నడుమ భేదము ఎంత? ఒక అర సెకను, రెండు కిలోలు, ఒక జానెడు దూరము. ఆ జానెడు దూరమునకు అవతల రాష్ట్రజట్టులో స్థానము, దాని యావల ఒక సర్టిఫికెట్టు, దాని యావల ముప్పది సంవత్సరముల జీతము, నివాసమునకు క్వార్టరు, చెల్లెలి వివాహము, తండ్రి ఔషధములు. ఇరువది యేండ్ల కుర్రవాని యెదుట ఈ లెక్కను ఉంచి, "ఈ సూది రెండు నెలలు వేసికొనుము" అని జిమ్ములో నెవరో అన్నప్పుడు, "వలదు" అనుట సులభమని ఉపన్యాస వేదికలపై మనము చెప్పుదుము. నేను ఆ వయస్సులో, ఆ పేదరికములో లేనివాడను గనుక అంత సులభముగా చెప్పజాలను. కాని ఆ సర్టిఫికెట్టు ఎవరిది? అది నాలుగవ స్థానములో నిలిచిన మరొక పేదయింటి బిడ్డది. వానికిని చెల్లెలున్నది. వాని తండ్రికిని ఔషధములు కావలెను. ఈ పాపములో ధనికుని సొత్తు దోచి పేదకు పంచినట్టి సమాధానమునకు కూడ తావు లేదు.

సాధారణ సభలలో సంఖ్యలు చెప్పుట శ్రోతలకు విసుగు గలిగించును. అయినను ఒక్కటి చెప్పక తప్పదు. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ - నాడా యందురు - 2005లో ఏర్పడినది. ప్రపంచ సంస్థ వాడా ప్రకటించిన లెక్కల ప్రకారము 2023లో మన దేశములో 5,606 నమూనాలు పరీక్షింపగా 213 నమూనాలలో నిషిద్ధ ద్రవ్యములు కనబడినవి. అనగా నూటికి 3.8. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరుపు దేశములలో ఇంత నిష్పత్తి మరెక్కడను లేదు. ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో జరిగినవి. నాడా అధికారులు వచ్చిరన్న వార్త వ్యాపించినది. పురుషుల వంద మీటర్ల అంతిమ పందెములో ఒకే ఒక్క యువకుడు పరుగిడెను, తక్కినవారు రాలేదు. ఒంటరిగా పరుగిడి ఒంటరిగా గెలిచిన ఆ యువకుని మనఃస్థితిని గూర్చి నేను పలుమారులు ఆలోచించితిని. అతడు ఆనాడు తోటివారితో పోటీపడి తన వేగమును తెలిసికొనవలెనని వచ్చియుండును, పోటీయే లేకపోయినది. స్టేడియపు మరుగుదొడ్లలో వాడి పారవేసిన సిరంజీలు కనబడినవని పత్రికలలో చదివితిమి. అది ఒలింపిక్సు కాదు, ఒక రాష్ట్రపు పోటీ మాత్రమే. అనగా రోగము శిఖరమున లేదు, వేళ్లలోనే యున్నది.

కొందరు మేధావులు ఒక వాదము చేయుదురు. నేను దానిని తేలికగా త్రోసివేయను. పుట్టుకతోనే అందరి దేహములు సమానములు కావు గదా! ఒకనికి పొడుగైన కాళ్లు, ఒకనికి పెద్ద ఊపిరితిత్తులు దైవమిచ్చెను. లేనివాడు మందుతో దానిని సమకూర్చుకొనినచో తప్పేమి? అని వారి ప్రశ్న. దీనికి మన భారతములోనే ఉదాహరణము కలదు. కర్ణుడు సహజ కవచ కుండలములతో పుట్టెను. అది ఇతరులకు లేని సౌకర్యమే. అయినను అస్త్ర విద్యా ప్రదర్శనము నాడు ఎవ్వరును దానిని విప్పి రమ్మనలేదు. ఇంద్రుడు తరువాత అడిగి తీసికొనెను గాని, అది క్రీడ కాదు, రాజకీయము. పుట్టుకతో వచ్చిన అసమానతను క్రీడ అంగీకరించును. దానిని చూచి ఆనందించుట కొరకే మనము క్రీడను కల్పించుకొంటిమి. దుర్యోధనుని దేహమును గాంధారి చూపు వజ్రసమానము చేసెననునది వ్యాస భారతములో లేని జనశ్రుతి. కాని ఆ కథను కల్పించిన జానపదుడు కూడ ఆ బయటి బలమునకు తొడ దగ్గర ఒక లోపమును ఉంచుట మరువలేదు.

ఆ గదాయుద్ధములోనే మరొక విశేషమున్నది. నాభికి దిగువ కొట్టరాదనునది గదాయుద్ధ నియమము. భీముడు తొడపై కొట్టెను. చూచుచున్న బలరాముడు కోపోద్రిక్తుడై నాగలి ఎత్తెను. మన హృదయములన్నియు భీముని పక్షముననే యున్నవి. ద్రౌపది అవమానమును మనము మరువలేదు. అయినను ఆ దెబ్బ నియమ విరుద్ధమనుటను వ్యాసుడు దాచలేదు. నాభి అను గీత ఎవరు గీసిరి? మనుష్యులే గీసిరి. ఒక జానెడు పైన గీయవచ్చును, క్రింద గీయవచ్చును. ఉభయులును ఆ గీతను ముందుగా తెలిసి, అంగీకరించి బరిలో దిగిరి. ధర్మము అందుండి పుట్టినది.

నిషిద్ధముల పట్టికయు అట్టిదే. అది వేదవాక్యము కాదు. ప్రతి సంవత్సరము జనవరి 1న క్రొత్త పట్టిక అమలులోనికి వచ్చును. బలమును పెంచునది, ఆరోగ్యమునకు హాని చేయునది, క్రీడా స్ఫూర్తికి విరుద్ధమైనది - ఈ మూడు లక్షణములలో రెండున్న ద్రవ్యమును అందు చేర్చవచ్చును. కాఫీలోని కెఫీను 2003 వరకు ఆ పట్టికలో ఉండెను, 2004లో తొలగించిరి. మనవంటి కాఫీప్రియులకు ఇది శుభవార్తయే! కొండలపై నివసించి అభ్యాసము చేసి రక్తమును వృద్ధి చేసికొనుట తప్పు కాదనియు, అదే ఫలితమును సూదితో పొందుట తప్పనియు నియమము చెప్పుచున్నది. ఇందులో తర్కము కొంత బలహీనమని నేనును ఒప్పుకొందును. కాని క్రీడ యనునదే మనుష్యకల్పితము. చెడుగుడులో కూత విడువరాదనుటకు ప్రకృతిలో ఆధారమెక్కడ?

"అట్లయిన అందరికిని అనుమతి ఇచ్చినచో సమానమగును గదా?" అని మరికొందరందురు. ఇది చేసి చూచిన దేశము కలదు. తూర్పు జర్మనీ ప్రభుత్వము 1970ల నుండి తన క్రీడాకారులకు, అందులో పసిబాలికలకు కూడ, ఓరల్ టూరినాబోల్ అను స్టెరాయిడు మాత్రలను విటమినులని చెప్పి ఇప్పించెను. ఈత కొలనులలో పతకములు రాశిపోసిరి. ఆ బాలికల గొంతులు మగగొంతులైనవి. గర్భకోశములు, కాలేయములు చెడినవారు అనేకులు. 2000లో బెర్లిను న్యాయస్థానము నాటి క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డును దోషిగా నిర్ణయించెను. కాని విధించిన కారాగారశిక్ష అమలు నిలిపిన శిక్ష మాత్రమే. అందరును వేసికొన్నచో ఎవరికిని ప్రత్యేక లాభముండదు. వ్యాధి మాత్రము అందరికిని సమముగా పంచబడును. ఇంకను సూక్ష్మముగా చూచినచో సమముగా కూడ కాదు. మంచి వైద్యుని నియమించుకొనగల ధనికుడు మోతాదు తెలిసి వేసికొనును. కొండవెలగాడ పిల్ల ఏ కల్తీ సీసాయో కొనును.

ఈ సందర్భమున సోవియట్ వారసత్వమును గూర్చి ఒక మాట చెప్పుటకు భిలాయిలో కొంత సంకోచము కలుగుచున్నది. ఈ నగరము రష్యను ఇంజనీర్ల స్నేహముతో నిర్మింపబడినది. మైత్రీబాగ్ ఆ స్నేహమునకు చిహ్నము. ఆ గౌరవము తగ్గదు. కాని 2014లో సోచీ శీతకాల ఒలింపిక్సులో పరీక్షాశాల గోడకు రంధ్రము చేసి, రాత్రివేళ దోషమున్న సీసాలను అవతలికి పంపి, శుద్ధమైన వానిని ఇవతలికి తెచ్చిరని 2016లో వెలువడిన మెక్లారెన్ నివేదిక తెలిపినది. వేయిమందికి పైగా క్రీడాకారులకు ఆ వ్యవస్థతో సంబంధముండెనని అది చెప్పినది. ఉక్కును గూర్చి ఎరిగిన మీకు దీని యర్థము నాకంటె బాగుగా తెలియును. ఇచ్చట తయారగు రైలు పట్టాలను అల్ట్రాసోనిక్ పరీక్ష చేయుదురు. కంటికి కనబడని లోపము లోపల నున్నదేమోనని వెదకుదురు. పరీక్షించుటను పట్టాల మిల్లువారు అవమానముగా భావింపరు. ఎవడేని లోపమున్న పట్టాను రాత్రివేళ పరీక్ష దాటించి పంపెనని విన్నచో మీకెట్లుండును? ఆ పట్టాపై పోవు రైలులో మన పిల్లలు కూర్చుందురు.

తెలియక వేసికొన్నవారి మాట యేమి? ఈ ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో మన ఆడపిల్లలు నలుగురు 4 × 400 మీటర్ల రిలే పందెమున స్వర్ణము గెలిచినప్పుడు దేశమంతయు పులకించినది. మరుసటి సంవత్సరము ఆ జట్టులోని ముగ్గురు, వారితోపాటు అభ్యాసము చేయు మరికొందరు, స్టెరాయిడు పరీక్షలో పట్టుబడిరి. తమ యుక్రేను దేశపు శిక్షకుడు చైనాలో కొని తెచ్చి ఇచ్చిన జిన్సెంగ్ మాత్రలలో అది కలిసియుండెనని వారు చెప్పిరి. ఆ శిక్షకుని తొలగించిరి. ఇచ్చటి విచారణ సంఘము వారికి ఒక సంవత్సరము నిషేధము విధింపగా, 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానము దానిని రెండు సంవత్సరములకు పెంచినది. లండను ఒలింపిక్సు వారికి దక్కలేదు. గురువు ఇచ్చినదానిని శిష్యురాలు నమ్మి తినుట నేరమా? నియమము ప్రకారము దేహములోనికి ప్రవేశించిన ప్రతి ద్రవ్యమునకును క్రీడాకారుడే బాధ్యుడు. ఉద్దేశము తరువాతి మాట.

ఇది క్రూరముగా తోచును. కాని మన యుద్యోగములలో ఈ నియమము మనకు క్రొత్తది కాదు. క్రింది గుమాస్తా వ్రాసిన నోటులో తప్పుండి, దానిని చదువక సంతకము చేసిన అధికారి, "నాకు తెలియదు" అని ఆడిటు వారితో చెప్పి బయటపడగలడా? నగదుపెట్టెలో సొమ్ము తగ్గినచో తాళపుచెవి యెవరివద్ద నుండెనో వారే సమాధానము చెప్పవలెను. లేనిచో ప్రతివాడును "ఎవరో కలిపిరి" అని చెప్పి తప్పించుకొనును, పరీక్షకు అర్థముండదు. అందుచేత నియమము అవసరమే. నా అసంతృప్తి అంతా మరొక చోటనున్నది. ఆడపిల్లకు రెండేండ్లు పోయినవి. ఆటగాని యవ్వనములో రెండేండ్లనగా మన సర్వీసులో పదిహేనేండ్లు. మందు తెచ్చినవాడు ఉద్యోగమును మాత్రము పోగొట్టుకొని స్వదేశమునకు పోవును. మన దేశమున 2022లో డోపింగ్ నిరోధక చట్టము చేసిరి. మందులు సరఫరా చేయువారిని, పిల్లలకు అందించువారిని వెదకి పట్టుకొనుటలో దానిని ఎంత గట్టిగా వాడుదురో, దానినిబట్టియే దాని విలువ తేలవలెను. క్రీడాకారుని వెంట పోయినంత శ్రద్ధతో అంగడి వెంట పోయినవారు నాకు ఇంకను కనబడలేదు.

మంచి శిక్షకుడన్నచో ఎట్లుండునో భిలాయి వారికి నేను చెప్పుట హాస్యాస్పదము. పంత్ స్టేడియములో బాస్కెట్‌బాల్ నేర్పిన రాజేశ్ పటేల్‌గారు 2018లో దివంగతులైరి. మారుమూల గ్రామముల బాలికలను తెచ్చి, తిండిపెట్టి, చదివించి, ఆట నేర్పి, ఛత్తీస్‌గఢ్ జట్టును జాతీయ విజేతగా నిలిపిరి. ఆ బాలికలలో అనేకులు దేశమునకు ఆడిరి. పలువురు రైల్వేలలో ఉద్యోగములు పొందిరి. నేను ఇంతకు ముందు చెప్పిన ఆ జానెడు దూరమును ఆయన అన్నముతోను, అభ్యాసముతోను దాటించిరి. అది ఆలస్యమగు మార్గమే. రెండు నెలలలో ఫలితము రాదు. ఏడెనిమిది సంవత్సరములు పట్టును. ఓర్పు పిల్లలకు లేదని మనము నిందింతుము గాని, నాకు తెలిసినంతవరకు ఓర్పు లేనిది తలిదండ్రులకు. "వచ్చే యేడు సెలక్షనున్నది, ఏదైనా చేయండి" అని శిక్షకుని వేడుకొను తండ్రికి ఆ 'ఏదైనా' అను మాటలో ఏమేమి యిమిడియున్నదో తెలియదు.

చివరగా ఒక విన్నపము. మన పిల్లలలో జిమ్ములకు పోవువారు, జిల్లా జట్టులలో ఆడువారు కలరు. వారు కొను ప్రోటీను డబ్బాలపై వ్రాసినదంతయు లోపలనున్నదనియు, వ్రాయనిది లోపల లేదనియు చెప్పజాలము. దగ్గుమందు కూడ ప్రమాదమే కావచ్చును. 2019లో యువ క్రికెటరు పృథ్వీ షా దగ్గుమందులోని టెర్బుటలైను వలన ఎనిమిది నెలల నిషేధమునకు గురియయ్యెను. నిజముగా వ్యాధి యున్నచో, ముందుగా దరఖాస్తు పెట్టి, ఆ మందునే వాడుటకు అనుమతి పొందు పద్ధతి కలదు. ఇది చాలమందికి తెలియదు, తెలిసినవారు చెప్పరు. కావున మన సంఘము ప్రతి సంవత్సరము క్రీడలలో గెలిచిన బాలబాలికలకు ఇచ్చు కప్పులతోపాటు, ఒక ఆదివారము ఉదయము ఒక వైద్యుని, ఒక ఫార్మసిస్టును పిలిపించి, పిల్లలను, తలిదండ్రులను, శిక్షకులను ఒకచోట కూర్చుండబెట్టి, ఎవరింట ఏ డబ్బా యున్నదో దానిని వెంట తెమ్మని చెప్పి, ఆ లేబిళ్లను అందరి యెదుట చదివించుట మంచిదని నా సూచన. ఖర్చు టీ నీళ్లకు మించదు. కార్యదర్శిగారు తేదీ నిర్ణయించి తెలియజేసినచో, సెలవు దొరికినంతలో నేను కూడ వచ్చి వెనుక వరుసలో కూర్చుండి వినెదను.